వేణ్ణీళ్ల అబద్ధం

నేను ఒక అబద్ధం చెప్పాను. రెండే మాటలు. వాటిని మోస్తూ నా వయసులో సగం గడిపేశాను. ఇవాళ మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు. ఒక్కటి మాత్రం ముందే చెప్పి పెడతాను. ఇది చదివి నా మీద జాలి పడకండి. ఇది రాస్తున్నంతసేపూ నాకు కోపంగానే ఉంది. మా నాయిన మీద, మా అన్న మీద, ఎవరేం చెప్పినా నమ్మేసిన మా వదిన మీద కూడా. అందరికన్నా ఎక్కువ, ఆ రోజు వంటింటి గడప దగ్గర నిలబడి ఆ రెండు మాటలు అన్న పిల్ల మీద. ఆ పిల్లకు అప్పుడు ఇరవై ఏళ్లు. ఆమెను పూర్తిగా అసహ్యించుకోవాలని ఎన్నోసార్లు చూశాను. చేతకాలేదు.

మాది బంగారు పని చేసే ఇల్లు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఇంకా మెట్రో స్తంభాలు లేవు అప్పుడు. ఒక సందులో మా దుకాణం. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో పని, పైన మా కాపురం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయిన, అన్న, నేను.

మా తాత పాతబస్తీలో ఒక నవాబు దేవిడీకి, అంటే ఆయన పెద్ద భవంతికి, నగలు చేసేవాడట. అక్కడి నుంచి ఆయనకు వచ్చిన ఆఖరి పని ఒక అత్తరుబుడ్డి. ఆయనా, ఆయన తమ్ముడూ కలిసి చేశారు. చూపుడువేలంత పొడవు, బాదంకాయలాంటి పొట్ట, సన్నని మెడ, ఆ మెడకు చిన్న గొలుసుతో కట్టిన బిరడా. అంతా బంగారం. దాని మీద మీనా పని. బంగారంలో సన్నగా గుంటలు తవ్వి, రంగు గాజును మెత్తగా నూరి ఆ గుంటల్లో నింపి, నిప్పుల మీద కరిగిస్తారు. చల్లారాక అది రంగురాయిలా మెరుస్తుంది. తెల్లని నేల మీద పచ్చని ఆకులు, ఆకుల మధ్య ఎర్రని దానిమ్మ పూలు. పని పూర్తయ్యేసరికి ఆ దేవిడీ రోజులు తిరగబడ్డాయి. బుడ్డి కోసం ఎవరూ రాలేదు. తాత దాన్ని అమ్మలేదు, కరిగించలేదు. బిరడా బిగువుగా కూర్చుంటుందో లేదో చూద్దామని ఆయన ఒక చుక్క మొగలి అత్తరు పోశాడట. నా చిన్నప్పుడు కూడా మూత తీస్తే లోపలి నుంచి ఆ వాసన సన్నగా వచ్చేది.

నాకు ఆ బుడ్డి అంటే పిచ్చి. అన్నకు బండి అంటే పిచ్చి. కానీ పని పీట మీద కూర్చున్నది అన్న. వాడి మనసు పని మీద ఉండేది కాదు, పటకారు పట్టుకుని రోడ్డు వైపు చూసేవాడు. నేను కాలేజీ నుంచి వచ్చి తలుపు పక్కన నిలబడి చూసేదాన్ని. ఒక రోజు ధైర్యం చేసి అడిగాను.

"నాయినా, నాక్కూడ నేర్పియ్."

ఆయన తల ఎత్తలేదు. "నీకు నేర్పిస్తే ఇంకోళ్ల ఇంట్ల కుంపటి ఎలుగుతది. నాకేం ఫాయిద?" అన్నాడు. అన్న నవ్వాడు. నాయిన కూడా నవ్వాడు. వాళ్లకు అది ఒక చిన్న హాస్యం. సాయంత్రానికే మరిచిపోయి ఉంటారు. నాకు ఇప్పటికీ ఆ నవ్వు వినిపిస్తే చెవులు వేడెక్కుతాయి.

తర్వాత అన్నకు పెళ్లయింది. వదిన తెనాలి వైపు పిల్ల. వాళ్ల పుట్టింట్లోనూ బంగారు పనే. ఆమె ముత్యాలు గుచ్చేది. ఒళ్లో గుడ్డ పరుచుకుని కూర్చుంటే ముత్యాలు తమంతట తామే దారంలోకి వెళ్తున్నట్టుండేది. నాతో ఎంత బాగుండేదో చెప్తే మీకు నా మీద ఇంకా కోపం వస్తుంది. రానివ్వండి. నాకు జ్వరం వస్తే నా పక్కనే చాప వేసుకుని పడుకుంది. నా పరీక్ష ఫీజు గురించి అన్నతో పోట్లాడింది. తనకు పెట్టిన కొత్త చీరను ముందు నాకు కట్టి చూసి మురిసిపోయింది.

ఒక మధ్యాహ్నం నేను మెట్లు దిగుతుంటే కింద నాయిన గొంతు వినిపించింది. "కోడలు పిల్ల చేతిల పనుంది. గుచ్చుడు పని ఆమెకే ఇద్దాం. దుకాణంల కూసుంటది," అంటున్నాడు అన్నతో.

నేను మెట్ల మీదే ఆగిపోయాను. నన్ను రానివ్వని గదిలో ఆమెకు పీట వేస్తున్నాడు. నా చేతిలో పని ఉందో లేదో ఆయన ఎప్పుడైనా చూశాడా? ఆమె ఇంటికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. నేను ఆ ఇంట్లోనే పుట్టాను. తప్పు ఆమెది కాదని నాకు అప్పుడే తెలుసు. తెలిసినా కోపం ఆమె వైపే తిరిగింది. నాయిన మీద కోప్పడే దమ్ము నాకు లేదు కాబట్టి.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు పనిముట్లన్నీ కడిగి బొట్లు పెట్టి, మధ్యలో అత్తరుబుడ్డిని నిలబెట్టడం మా ఇంటి పద్ధతి. అమ్మ పోయినప్పటి నుంచి బుడ్డిని తుడిచేది నేను. ఆ ఏడు నాయిన ఆ పని వదినకు అప్పజెప్పాడు. పూజకు ముందు రోజు పొద్దున ఆమె గిన్నెలో కాసిని వేణ్ణీళ్లు పోసి, మెత్తని గుడ్డ ముంచి పిండి, పసిబిడ్డ ముఖం తుడిచినట్టు తుడిచింది. పట్టుగుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టింది. నేను పక్కనే నిలబడి చూశాను.

బుడ్డి మెడ దగ్గర ఒక ఆకులో పచ్చ రంగు చిన్న పెచ్చు ఊడి ఉండేది. ఎప్పటి నుంచో ఉంది. ఆ మధ్యాహ్నం ఇంట్లో అందరూ పెద్ద అంబర్‌పేట్‌లో చుట్టాల ఫంక్షన్‌కు వెళ్లారు. నాకు పరీక్షలని చెప్పి ఉండిపోయాను. వాళ్లు సందు మలుపు తిరగగానే అటక ఎక్కాను. తాత వాడిన రంగు గాజు ముక్కలు ఒక పాత బిస్కెట్ డబ్బాలో ఉండేవి. పచ్చ ముక్క ఏరి నూరాను. కడిగాను. తడి పొడిని సూదిమొనతో ఆ ఆకు గుంటలో నింపాను. చెయ్యి వణకలేదు. అది మీరు నమ్మాలి. నా చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. ఈ ఆకు నిండితే రేపు పూజలో నాయిన చూస్తాడు, ఎవరు చేశారని అడుగుతాడు, నేనని చెప్తాను. అప్పుడు ఆయన ముఖం ఎట్లా ఉంటుందో చూడాలి. నా ఆలోచన అంతే. ఇంత మంచి ఆలోచనతో మొదలుపెట్టాను. కుంపటి వెలిగించాను.

పచ్చ కరిగింది. అందంగా కరిగింది. కానీ అది కరిగే వేడికి పక్కనున్న ఎరుపు తట్టుకోలేదు. దానిమ్మ పూలు నా కళ్ల ముందే నల్లబడ్డాయి. ఒక్కో పువ్వూ కాలిన అన్నం మెతుకులా అయిపోయింది. తెల్లని నేల మీద పగుళ్లు పారాయి. నేను పటకారుతో బయటికి తీసేసరికి ఒక వైపంతా పోయింది. తాత చేతిపని. ఆయన తమ్ముడి చేతిపని. ఇద్దరూ బతికి లేరు. దాన్ని మళ్లీ చేసేవాళ్లు ఈ లోకంలో లేరు.

ఏడ్చానా? లేదు. చల్లారేదాకా ఆగాను. బొగ్గులు తీసేశాను. డబ్బా అటక ఎక్కించాను. బుడ్డిని అదే పట్టుగుడ్డలో చుట్టి అదే గూట్లో పెట్టాను. తర్వాత పుస్తకం తెరిచి కూర్చున్నాను. ఆ పిల్లను తలుచుకుంటే నాకు భయం వేస్తుంది.

మరుసటి పొద్దున ఇంటినిండా చుట్టాలు. నాయిన పీటల ముందు కూర్చుని గుడ్డ విప్పాడు. బుడ్డిని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత తల ఎత్తి, "దీన్నెవలు ముట్టిండ్రు?" అన్నాడు.

వదిన ముందుకు వచ్చింది. "నేనే మామయ్యగారూ. నిన్న వేణ్ణీళ్లతో తుడిచాను," అంది. ఇంకా ఏం జరిగిందో ఆమెకు తెలియదు. దగ్గరికి వచ్చి చూసింది. బుడ్డి వైపు చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

నాయిన నా వైపు చూశాడు. ఒక్కసారి. నేను కళ్లు దించుకున్నాను. ఆయన మళ్లీ వదిన వైపు తిరిగి, అందరి ముందూ అన్నాడు: "ఈ పిల్ల చెయ్యి మంచిది కాదు."

అంతే. అరవలేదు, తిట్టలేదు. మా చిన్నమ్మ, అంటే నాయిన తమ్ముడి భార్య, ఆ మాటను అందుకుంది. "ఆంధ్ర పిల్లకు మన ఇంటి సామాన్ల విలువ ఏం తెలుస్తది," అంది. అక్కడున్న ఆడవాళ్లు తలలూపారు. అన్న బయటికి వెళ్లిపోయాడు. భార్య పక్కన నిలబడలేదు. పూజ జరిగింది. ప్రసాదం పంచారు.

అందరూ తిని వెళ్లాక వదిన వంటింటి గడప దగ్గర నన్ను పట్టుకుంది. ఆమె చేతులు తడిగా ఉన్నాయి. గొంతు బాగా తగ్గించి అడిగింది.

"నువ్వు చిన్నప్పట్నుంచి చూస్తున్నావుగా. నీకు తెలుస్తుంది. వేణ్ణీళ్లకి మీనా అట్లా అయిపోతుందా?"

ఆమె నన్ను నిందించడానికి రాలేదు. అనుమానించడానికీ రాలేదు. ఆ ఇంట్లో తనకు నిజం చెప్పే మనిషిని నేనొక్కదాన్నే అనుకుని వచ్చింది. నేను ఆమె కళ్లలోకి చూశాను. అవును, చూశాను. అక్కడ కూడా తప్పించుకోను.

"అయితది వదినా," అన్నాను.

ఆమె తలూపింది. "అయ్యో. నాకు తెలీదు," అంది. అప్పుడు ఏడ్చింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాను కూడా.

ఆ తర్వాత ఆమె దుకాణంలో కూర్చోలేదు. ఎవరూ కూర్చోమనలేదు, ఆమె అడగలేదు. ముత్యాల దారాలు పెట్టెలో పెట్టేసింది. పనిముట్లను ముట్టేది కాదు. పూజ రోజు వంటింటి దాకా వచ్చి ఆగిపోయేది. అన్న ప్రతి గొడవలోనూ ఆ మాట తీసేవాడు. పాలు పొంగినా, దుకాణం నడవకపోయినా, ఆమె చెయ్యే కారణం. నాకు దక్కని పీట ఆమెకూ దక్కలేదు. మా నాయిన నాకు చేసింది నేను ఆమెకు చేశాను. ఆయన నవ్వుతూ చేశాడు, నేను ఓదారుస్తూ చేశాను. ఏది నీచం? మీరే చెప్పండి.

నాకు పెళ్లయింది. పళ్ల డాక్టర్లకు పంటి తొడుగులు తయారుచేసే ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. లోహం మీద పింగాణీ పొడి తడిపి పూసి కొలిమిలో కాల్చడమే నా పని. చేరిన కొత్తల్లోనే అక్కడి సీనియర్ ఒకాయన చెప్పాడు, ఒక పూత కాలాక దాని పైన వేసే పూత అంతకన్నా తక్కువ వేడికి కరిగేదై ఉండాలని. లేకపోతే ముందుదీ పోతుందని. ఆ మాట విని నేను బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. ఇంత చిన్న మాట. మా ఇంట్లో ఎవరైనా ఒక్కసారి ఈ మాట నా చెవిన వేసి ఉంటే!

నాయిన దవాఖానలో పడ్డప్పుడు ఒక పొద్దున ఆయన దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయన కళ్లు మూసుకునే అన్నాడు:

"ఎరుపు ఆఖర్న పెట్టాలె బిడ్డా. పచ్చ కాలినంక ఎరుపు."

నేను కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కున్నాను. "నీకు ఎరుకేనా?" అన్నాను.

"ఎందుకెరుక లేదు. ముందురోజు రాత్రే జూసిన, కుంపట్ల బూడిద ఇంక వెచ్చగనే ఉండె."

"మరి వదిననెందుకన్నవ్?"

ఆయన నా వైపు తిరిగాడు. విసుగ్గా చూశాడు, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు. "ఆమె బయటికెల్లి ఒచ్చిన పిల్ల. ఓర్సుకుంటది. నిన్నంటే నీ పెండ్లెట్లయితుండె?"

కొన్నాళ్లకు ఆయన పోయాడు. వదినే ఆయనకు ఆఖరి దాకా తినిపించింది, ఒళ్లు తుడిచింది. ఆ చేతులతోనే. ఆయన ఆమెకు ఒక్క మాట చెప్పలేదు. నాకు చెప్పాడు. నేను అడిగి అడిగి సాధించుకోలేని విద్యలో ఒక ముక్కను, ఎందుకూ పనికిరాని సమయంలో నా చేతిలో పెట్టి పోయాడు. దాన్ని ప్రేమ అనుకోవాలా? నా కోసమే చేశాడనుకోవాలా? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు ఆ మంచం పక్క కుర్చీని తన్నాలనే అనిపిస్తుంది.

సరే, ఆయన పోయాక చెప్పొచ్చు కదా అంటారు. చెప్పొచ్చు. చెప్పలేదు. ముందు ఏడాది మైల అనుకున్నాను. తర్వాత అన్న దుకాణం మూసేసి ఎల్‌బీ నగర్‌లో ఫ్లాట్ కొనుక్కున్నాడు, కొత్త ఇంట్లో పాత గొడవెందుకనుకున్నాను. సాకులకు కొదవేముంది? నిజం ఏమిటంటే, వదిన నన్ను ఇష్టపడేది. ఆ ఇష్టం నాకు కావాలి. దాన్ని దొంగతనంగా తింటూ ఇన్నేళ్లు బతికాను.

పోయిన పూజకు ఎల్‌బీ నగర్‌లో వాళ్ల ఇంటికి వెళ్లాను. వదిన కూతురు బీరువాలోంచి బుడ్డి తీసి, "అమ్మా, ఇది జర పట్టుకో," అని చెయ్యి చాపింది. వదిన రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. చిన్నపిల్లలా. నవ్వుతోంది కూడా. "నాకివ్వకు తల్లీ. అది నా చేతిలోనే పాడైంది," అంది.

ఆ నవ్వు చూశాక నాకు అన్నం దిగలేదు. ఇన్నేళ్లలో ఆమె ఆ నిందతో సర్దుకుంది, దానితో కాపురం చేసింది, దాన్ని చూసి నవ్వడం కూడా నేర్చుకుంది. ఎవరు నేర్పారు? నేను.

ఆ వారమే ఒక పగలు, అన్న ఇంట్లో లేని సమయం చూసి, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాను. ఎల్‌బీ నగర్‌లో దిగి నడిచి వెళ్లాను. వదిన చిక్కుడుకాయలు తుంచుతోంది. కూర్చోకుండానే చెప్పేశాను. మొత్తం. మెట్ల మీద విన్నది, కుంపటి, పచ్చ, ఎరుపు, వంటింటి గడప.

ఆమె చేతిలో ఉన్న చిక్కుడుకాయ తుంచి ఒళ్లోని పళ్లెంలో వేసింది. తర్వాత అడిగింది. "మామయ్యగారికి తెలుసా?"

ఇక్కడ కూడా అబద్ధం చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది. "తెల్సు వదినా. ఆ రోజే తెల్సు."

ఆమె లేచింది. పళ్లెం కింద పడింది. "ఆయనకి నా చేత్తో అన్నం కలిపి పెట్టానే. తింటూ ఎట్లా చూశాడు నన్ను? మీరిద్దరూ ఎట్లా చూశారు? పిల్ల పుట్టినప్పుడు ఎత్తుకోవడానికి కూడా భయపడ్డానే నేను, నా చెయ్యి ఎట్లాంటిదోనని! నీకు తెలుసుగా? నువ్వు పక్కనే ఉన్నావుగా!"

ఉన్నాను. అప్పుడు కూడా భుజం మీద చెయ్యి వేశాను.

నేను క్షమించమని అడగబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు చెప్పి పోతే సరిపోతుందనుకున్నావా? నన్ను అన్నవాళ్లకి చెప్పు. ఆ రోజు ఎవరెవరు ఉన్నారో ఒక్కొక్కళ్ల ఇంటికెళ్లి చెప్పు. నేను పిలిచేదాకా నా గుమ్మం తొక్కకు."

వెళ్తున్నాను. ముందు అన్న. వదిన గుమ్మం తొక్కొద్దంది కాబట్టి వాడిని మా ఇంటికి పిలిచి చెప్పాను. వాడికి బుడ్డి కాలినందుకు కోపం రాలేదు, నేను నోరు విప్పినందుకు వచ్చింది. "గిప్పుడెందుకు తవ్వినవ్ గదంతా? ఇంట్ల మీ వదిన నాతోని మాట్లాడ్తలేదు!" అని నా మీద అరిచాడు. భార్యను ఇన్నేళ్లు తను అన్న మాటల గురించి ఒక్క ముక్క లేదు. నేను కూడా అరిచాను. జీవితంలో మొదటిసారి వాడి ముఖం మీద తలుపు వేశాను.

తుర్కయంజాల్ వెళ్లి చిన్నమ్మకు చెప్పాను. ఆమె టీవీ గొంతు తగ్గించి విన్నది. "ఎప్పటి ముచ్చటనే అది. పోనియ్యరాదు. చాయ్ తాగుతవా?" అంది.

"చాయ్ వద్దు చిన్నమ్మా. ఆంధ్ర పిల్ల అని ఆ రోజు అన్నది నువ్వే. వదినకు ఫోన్ చేసి 'తప్పన్న' అని చెప్పు."

"నేనెప్పుడన్న? నాకు యాదికి లేదు," అని టీవీ గొంతు పెంచింది.

అందరూ ఇంచుమించు ఇంతే. నింద వేసిన రోజు గది నిండా మనుషులు, తలుపు బయటి నుంచి కూడా తొంగి చూశారు. ఇప్పుడు అది నిజం కాదని చెప్తుంటే ఒకరు ఆవలిస్తారు, ఒకరు మంచినీళ్లు ఇస్తారు. నాకు ఒళ్లు మండిపోతుంది. అయినా చెప్పి వస్తున్నాను. కొందరు ఇప్పుడు లేరు. వాళ్లకు చెప్పే దారి లేదు కాబట్టి మీకు చెప్తున్నాను.

చెప్పి బయటికి వచ్చిన ప్రతిసారీ బస్టాపులో కాసేపు నిలబడతాను. గాలి కొంచెం లోపలి దాకా వెళ్తుంది. అంతకు మించి ఏమీ లేదు. వదిన పిలవలేదు. పిలుస్తుందని నేను ఎదురుచూడడం లేదని రాస్తే, అది ఇంకో అబద్ధం అవుతుంది.